విమాన ఇంజిన్ పరీక్షల మోతను తగ్గించుకోవడం ఎలా: మామునూరు చుట్టుపక్కల ఊళ్లవారికి

వరంగల్ దగ్గర నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయం 1981 తర్వాత ప్రయాణికుల విమానాలకు దూరమైపోయింది. దాని పునరుద్ధరణకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు సేకరించాలన్న ప్రణాళికతో నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడిపల్లి వంటి ఊళ్ల పేర్లు వార్తల్లోకి వచ్చాయి. ఆ ఊళ్లలో మాటలన్నీ భూమి ధర చుట్టూ, దారి మళ్లింపు చుట్టూ తిరుగుతున్నాయి. అది న్యాయమే. అయితే భూమి పోకుండా ఇల్లు మాత్రం విమానాశ్రయం పక్కన మిగిలిపోయేవారికి మోత అనే ఇంకో సమస్య ఉంది. అందులోనూ ఎవరూ ముందుగా అడగనిది ఇంజిన్ పరీక్షల మోత.

విమానం ఎగిరేటప్పుడు వచ్చే శబ్దాన్ని తగ్గించడం మీ చేతిలో గానీ, విమానాశ్రయం వారి చేతిలో గానీ పెద్దగా ఉండదు, ఎందుకంటే రన్‌వే ఎటు ఉంటే విమానం అటే లేవాలి. నేలమీద నిలబెట్టి చేసే ఇంజిన్ పరీక్ష అలాంటిది కాదు. అది ఎక్కడ చేయాలి, విమానం ముఖం ఎటు పెట్టాలి, ఏ వేళలో చేయాలి, ఎంతసేపు చేయాలి అన్న నాలుగు విషయాలూ మనుషులు నిర్ణయించేవే. కాబట్టి ఈ నాలుగింటినీ విమానాశ్రయం పని మొదలుకాక ముందే కాగితం మీదికి తేవడం మీ మొదటి లక్ష్యం కావాలి. గోడలు, కిటికీల అద్దాలు ఆ తర్వాతి సంగతి.

ఏ మోత ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు తేల్చుకోండి

విమానాశ్రయం నుంచి వచ్చే ప్రతి శబ్దమూ ఇంజిన్ పరీక్ష కాదు. ఫిర్యాదులో ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే ఆ ఫిర్యాదు మొదటి రోజే పక్కకు పోతుంది. టేకాఫ్ శబ్దం అర నిమిషంలో పెరిగి, కదిలి, తగ్గిపోతుంది. దిగిన వెంటనే వినిపించే గర్జన వేగం తగ్గించడానికి వాడే రివర్స్ థ్రస్ట్‌ది, అది కొన్ని సెకన్లే ఉంటుంది. ఇంజిన్ పరీక్ష శబ్దం మాత్రం ఒకే చోటి నుంచి నిలకడగా వస్తుంది. మొదట నెమ్మదిగా కొన్ని నిమిషాలు నడిచి, మెట్లు మెట్లుగా పెరిగి, పూర్తి శక్తి దగ్గర కొద్దిసేపు నిలిచి, మళ్లీ తగ్గుతుంది. మరమ్మతులో లోపం దొరికితే ఇదే వరుస మళ్లీ మొదలవుతుంది.

నాలుగో రకం శబ్దం కూడా ఉంది. అది గట్టిగా ఉండదు కానీ గంటలకొద్దీ సాగుతుంది. నిలిపి ఉంచిన జెట్ విమానం తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్‌ను, అంటే ఏపీయూను, ఏసీ కోసం, కరెంటు కోసం నడుపుతూనే ఉంటారు. చిన్న విమానాశ్రయాలకు ఎక్కువగా వచ్చే ఏటీఆర్ 72 విమానంలో ఏపీయూ ఉండదు. దానికి బదులు కుడివైపు ఇంజిన్ ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి, ఇంజిన్‌ను మాత్రం నడుపుతారు. దీన్ని సిబ్బంది హోటల్ మోడ్ అంటారు. దీనికి విరుగుడు తేలికైనదే. పార్కింగ్ స్థలంలో కరెంటు, చల్లగాలి బయటి నుంచి అందిస్తే ఆ ఇంజిన్‌ను ఆపేయవచ్చు. మన ఎండాకాలంలో చల్లగాలి యంత్రం లేకుండా కరెంటు ఒక్కటే ఇస్తే సిబ్బంది ఇంజిన్ ఆపరు. అందుకని రెండూ కలిపి అడగాలి.

ఇంజిన్ పరీక్షలు ఎందుకు చేస్తారో కూడా తెలిసి ఉండాలి. ఇంజిన్ మార్చినప్పుడు, ఇంధన గొట్టాలు విప్పి బిగించినప్పుడు, కంప్రెసర్‌ను నీటితో కడిగినప్పుడు, కంపనాల మీద అనుమానం వచ్చినప్పుడు దాన్ని నడిపి చూడకుండా విమానాన్ని ప్రయాణికులకు అప్పగించడం నేరమవుతుంది. కాబట్టి పరీక్షలే వద్దని అడిగితే మీ మాటకు విలువ పోతుంది. ఈ పరీక్షల్లో చాలావరకు, ముఖ్యంగా లీకేజీ చూసేవి, ఐడిల్ వేగంతోనే, అంటే ఇంజిన్ ఆగకుండా నడిచే కనిష్ఠ వేగంతోనే పూర్తవుతాయి. పూర్తి శక్తి అవసరమయ్యేవి కొన్నే. ఈ తేడాను పట్టుకుని మాట్లాడితే అవతలివారు మీ మాట వింటారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. రోజుకు నాలుగైదు విమానాలు వచ్చిపోయే చోట పూర్తి శక్తి పరీక్షలు అరుదు, పెద్ద మరమ్మతులు హైదరాబాద్ వంటి పెద్ద కేంద్రాల్లోనే జరుగుతాయి. ఊళ్లకు అసలు భారం రెండు సందర్భాల్లో మొదలవుతుంది. ఒకటి, విమానాలు రాత్రి అక్కడే ఆగి తెల్లవారుజామున బయలుదేరే ఏర్పాటు వచ్చినప్పుడు. రెండు, మరమ్మతు కేంద్రమో, పైలట్ శిక్షణ సంస్థో వచ్చినప్పుడు. శిక్షణ విమానాలు చిన్నవే అయినా ప్రతి టేకాఫ్‌కు ముందు ఇంజిన్‌ను పెంచి చూస్తాయి, అదీ రోజంతా. భవిష్యత్తులో వీటికి చోటు ఇవ్వబోతున్నారా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్నల్లో ఒకటి.

దిక్కు, గాలి, చలి: మీ ఊరి లెక్క వేసుకోండి

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే మీ డిమాండ్లకు బలం ఇక్కడే ఉంది.

జెట్ ఇంజిన్ శబ్దం నాలుగు వైపులా సమానంగా పోదు. ముందువైపు ఫ్యాన్ కూత పోతుంది. వెనకవైపు పొగ బయటికొచ్చే వేగం వల్ల పుట్టే ఉరుము పోతుంది. ఆ ఉరుము అన్నిటికన్నా గట్టిగా వినిపించేది సరిగ్గా తోక వెనకాల కాదు, తోక రేఖకు రెండు పక్కలా 30 నుంచి 50 డిగ్రీల కోణంలో. అంటే విమానాన్ని కొద్దిగా పక్కకు తిప్పినా ఒక ఊరికి మోత తగ్గి ఇంకో ఊరికి పెరుగుతుంది. ఒక ఊరివారు మాత్రమే వెళ్లి అడిగితే మోత పక్క ఊరి మీదికి మళ్లుతుంది, అందుకని చుట్టూ ఉన్న ఊళ్లు కలిసి అడగాలి.

అయితే విమానాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పే వీలు కూడా లేదు. ఎక్కువ శక్తితో నడిపేటప్పుడు ఇంజిన్‌లోకి గాలి సాఫీగా పోవాలి. పక్క నుంచో, వెనక నుంచో బలమైన గాలి వస్తే ఇంజిన్ తడబడుతుంది. అందువల్ల విమానం ముక్కును గాలికి ఎదురుగా పెడతారు. అప్పుడు తోక గాలి పోయే వైపు ఉంటుంది. గాలి పోయే వైపున శబ్దం నేలకు వంగి ఎక్కువ దూరం వినిపిస్తుంది కనుక, అటువైపు ఊరికి దెబ్బ మీద దెబ్బ తగులుతుంది. మన వైపు వానాకాలంలో గాలి నైరుతి, పడమర దిక్కుల నుంచి, చలికాలంలో ఎక్కువగా ఈశాన్యం, తూర్పుల నుంచి వస్తుంది. కాబట్టి వానాకాలంలో రన్‌వేకు ఈశాన్యంగా ఉన్న ఇళ్లకు, చలికాలంలో నైరుతిగా ఉన్న ఇళ్లకు భారం ఎక్కువ. గాలి నెమ్మదిగా ఉన్న రోజుల్లో మాత్రం ముఖం ఎటు పెట్టాలన్న దానిలో సిబ్బందికి వెసులుబాటు ఉంటుంది. మీరు అడగాల్సింది ఆ వెసులుబాటునే: గాలి అనుమతించినప్పుడు తోక, దాని పక్క కోణాలు పొలాల వైపు ఉండేలా విమానం దిశను ముందే రాసి పెట్టాలని.

చలికాలపు రాత్రులది వేరే సంగతి. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఈ తలకిందుల పొర శబ్దాన్ని పైకి పోనివ్వకుండా నేలవైపుకు వంచుతుంది. పగలు ఎండకు వేడెక్కిన నేల మీద ఇదే శబ్దం పైకి వంగిపోతుంది. ఒకే ఇంజిన్, అదే శక్తి, అదే చోటు అయినా కిలోమీటరు అవతల పగటికీ రాత్రికీ పది డెసిబెళ్లకు పైగా తేడా రావచ్చు. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతగా తోస్తుంది. నిండిన చెరువు మీదుగా శబ్దం పొలం మీద కన్నా తక్కువ తగ్గుతూ సాగుతుందని కూడా గుర్తుంచుకోండి. మీకూ రన్‌వేకూ మధ్య చెరువు ఉంటే వేసవిలో తీసుకున్న కొలతలు చలికాలానికి పనికిరావు.

దూరం సంగతి సులువు. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గుతాయి. ఇంటికి 500 మీటర్లలో చేసే పరీక్షను రెండు కిలోమీటర్ల దూరానికి మారిస్తే 12 డెసిబెళ్లు తగ్గినట్టే, అదీ రూపాయి ఖర్చు లేకుండా. పరీక్ష సమయాన్ని సగానికి తగ్గిస్తే సగటు స్థాయిలో తగ్గేది మూడు డెసిబెళ్లే. అందుకని బేరమాడాల్సి వస్తే నిమిషాల కోసం కాకుండా స్థలం కోసం పట్టుబట్టండి.

ఒక కాగితం మీద రన్‌వే గీసి, మీ ఊరు, బడి, పశువుల కొట్టాలు, చెరువు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో గుర్తించండి. మామునూరు చుట్టూ జవహర్ నవోదయ విద్యాలయం, పశువైద్య కళాశాల, పోలీసు శిక్షణ కళాశాల, బెటాలియన్ క్వార్టర్లు ఉన్నాయి కనుక ఆ సంస్థలను కూడా ఈ పటంలోకి తీసుకురండి. హాస్టల్ పిల్లలున్న సంస్థ రాసిన ఒక లేఖకు ఉండే బరువు వేరు.

ప్రజాభిప్రాయ సేకరణలో ఏమి అడగాలి

2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం వాణిజ్య విమానాశ్రయాలు ముందస్తు పర్యావరణ అనుమతి తీసుకోవాలి. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. సభకు కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహించాలి. సభ ముగిసేటప్పుడు అక్కడ చెప్పిన మాటల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. చదివేటప్పుడు మీ ప్రశ్న అందులో ఉందో లేదో నిలబడి చూసుకోండి. లేకపోతే అక్కడికక్కడే చేర్పించండి. సభకు రాలేనివారు రాతపూర్వకంగా కూడా అభిప్రాయం పంపవచ్చు.

నివేదికలో శబ్దం అధ్యాయం తెరిస్తే ఒకే స్థాయి మోత ఉండే చోట్లను కలుపుతూ రన్‌వే చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో గీసిన గీతలు కనిపిస్తాయి. అవి సాధారణంగా దిగే, లేచే విమానాల లెక్కతో గీసినవి. నేలమీది ఇంజిన్ పరీక్షలను కూడా చేర్చి లెక్క వేసే వీలు ఆ గీతలు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, కానీ అడగకపోతే చేర్చరు. కాబట్టి సభలో ఇలా అడగండి: ఈ గీతల్లో ఇంజిన్ పరీక్షలు చేర్చారా? చేర్చితే ఎక్కడ, రోజుకు ఎన్ని, ఏ వేళలో అని అనుకున్నారు? చేర్చకపోతే చేర్చి మళ్లీ గీసి ఇస్తారా? ఈ మూడు వాక్యాలు రికార్డులోకి ఎక్కితే ఆ తర్వాత అనుమతి షరతుల్లో ఇంజిన్ పరీక్షల పేరు వచ్చే అవకాశం పెరుగుతుంది. సభలో ఆవేశంగా అరగంట మాట్లాడటం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

అనుమతి వచ్చాక షరతుల అమలు మీద ప్రతి ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక సమర్పించడం యాజమాన్యం బాధ్యత. ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

విమానాశ్రయం వారికి రాయాల్సిన లేఖ

లేఖ ఒక పేజీ దాటకూడదు. గ్రామసభ తీర్మానం జతచేయండి. ఊరు కార్పొరేషన్‌లో కలిసి ఉంటే కాలనీ సంఘం తీర్మానమూ కార్పొరేటర్ లేఖా జతచేయవచ్చు. భాష ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన విమానాశ్రయ డైరెక్టర్ గారికి. విమాన భద్రత కోసం ఇంజిన్ పరీక్షలు అవసరమని మేము గుర్తిస్తున్నాము. వాటి వల్ల నివాసులకు కలిగే ఇబ్బందిని తగ్గించేందుకు ఈ కింది విషయాలను మీ కార్యనిర్వహణ నిబంధనల్లో చేర్చవలసిందిగా కోరుతున్నాము. ఐడిల్ కన్నా ఎక్కువ శక్తితో చేసే పరీక్షలకు ఇళ్లకు అత్యంత దూరంగా ఉన్న ఒకే స్థలాన్ని కేటాయించాలి. అక్కడ విమానం నిలిపే దిశను గాలిని బట్టి ముందే నిర్ణయించి ఉంచాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అటువంటి పరీక్షలు చేయరాదు. తప్పనిసరి అయితే డ్యూటీలో ఉన్న బాధ్యత గల అధికారి అనుమతి, దానికి గల కారణం రికార్డులో రాయాలి. ప్రతి పరీక్ష తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, విమానం రకం, వాడిన శక్తి స్థాయి నమోదు చేసి నెలకొకసారి మాకు అందజేయాలి."

రాత్రి గంటల విషయంలో విమాన సంస్థల ఇబ్బందిని కూడా లెక్కలోకి తీసుకోండి. విమానం పగలంతా ఎగురుతుంది కనుక మరమ్మతు రాత్రే జరుగుతుంది, తెల్లవారి మొదటి సర్వీసుకు అది సిద్ధం కావాలి. అందుకే "ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు" అన్న షరతు నిలబడదు. తప్పనిసరి సందర్భానికి దారి వదిలి, ఆ సందర్భానికి సంతకం, కారణం అడిగితే మాత్రం అత్యవసరాలు వాటంతట అవే తగ్గుతాయి. రాత్రి ఐడిల్ పరీక్షలకు అనుమతిస్తూ, పూర్తి శక్తి పరీక్షలను ఉదయానికి వాయిదా వేసుకోవాలన్న మధ్యేమార్గం చాలా చోట్ల అమలులో ఉంది.

నమోదు పుస్తకం అడగడం మరచిపోకండి. ఈ లేఖలోని మిగతా అన్ని షరతులకూ సాక్ష్యం అదే. విమానాశ్రయం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో ఉంటే అది సమాచార హక్కు చట్టం, 2005 పరిధిలోకి వస్తుంది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఫలానా నెలలో జరిగిన ఇంజిన్ పరీక్షల రికార్డు నకలు" అని సూటిగా అడగండి. "మోత ఎందుకు చేస్తున్నారు" అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు.

మీ వైపు నమోదు, కొలతలు

వారి పుస్తకంతో పాటు మీ పుస్తకం కూడా ఉండాలి. ఊరికి ఇద్దరో ముగ్గురో, వేర్వేరు వీధుల్లో ఉన్నవారు రాయాలి. తేదీ, మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, గాలి ఎటు నుంచి, ఆకాశం ఎలా ఉంది, కిటికీలు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, దాని వల్ల ఏమి ఆగిపోయింది అన్నవి చాలు. "భరించలేని మోత" అన్న మాట వద్దు. "పదో తరగతి పాఠం ఏడు నిమిషాలు ఆపవలసి వచ్చింది" అని రాయండి.

ఫోన్‌లోని యాప్‌తో తీసిన అంకెలు ఒక రోజుతో ఇంకో రోజును పోల్చుకోవడానికి పనికొస్తాయి, కానీ అధికారుల ముందు నిలబడవు. క్లాస్ 2 స్థాయి సౌండ్ లెవల్ మీటర్‌ను అద్దెకు తెచ్చుకున్నా, ఇంజనీరింగ్ కళాశాలవారిని అడిగి తెచ్చుకున్నా మంచిదే. కొలిచే ముందు, తర్వాత క్యాలిబ్రేటర్ అనే చిన్న పరికరంతో మీటర్‌ను సరిచూడాలి. మీటర్‌ను నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున, గోడలకు కనీసం మూడున్నర మీటర్ల దూరంలో, నురుగు టోపీ తొడిగి స్టాండు మీద పెట్టాలి. పరీక్ష లేనప్పటి మామూలు శబ్దాన్ని కూడా తప్పక కొలవాలి, లేకపోతే ఆ అంకె ఖమ్మం రోడ్డు లారీలదా ఇంజిన్‌దా అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

మీటర్‌లో ఏ, సీ అని రెండు రకాల తూకాలు, అంటే లోతైన, సన్నని శబ్దాల్లో దేన్ని ఎంతగా లెక్కించాలన్న పద్ధతులు ఉంటాయి. రెండూ రాసుకోండి. మన నియమాలన్నీ ఏ తూకంలోనే ఉంటాయి, కానీ అది లోతైన శబ్దాన్ని తక్కువ చేసి చూపుతుంది. సీ అంకె ఏ అంకెకన్నా 15 నుంచి 20 డెసిబెళ్లు ఎక్కువగా ఉంటే, మీ కిటికీలను గడగడలాడిస్తున్నది లోతైన శబ్దమని అర్థం. ఏటీఆర్ విషయం చూడండి: ఆరు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 1200 చుట్లు తిరిగితే సెకనుకు 120 సార్లు గాలిని కొడుతుంది. ఆ ధ్వని తరంగం పొడవు దాదాపు మూడు మీటర్లు. రెండు మీటర్ల ప్రహరీ గోడ దాన్ని ఆపలేదు, అది గోడ మీదుగా వంగి వస్తుంది.

ఇక సగటు లెక్క. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, ఆసుపత్రులు, బడుల వంటి వాటి చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలాలకు 50, 40 అని పరిమితులు ఉన్నాయి. అవి ఆ మొత్తం పగటికి లేదా రాత్రికి సగటులు. పరీక్ష మోత మీ వాకిట్లో 75 డెసిబెళ్లతో పది నిమిషాలు ఉందనుకుందాం. ఎనిమిది గంటల రాత్రికి సగటు వేస్తే అది 58 అవుతుంది, పరిమితిని స్పష్టంగా దాటుతుంది. అదే పది నిమిషాలు పదహారు గంటల పగటిలో కలిస్తే 55 దగ్గరే ఆగిపోతుంది, అంటే పిల్లల పాఠం పోయినా కాగితం మీద పెద్ద ఉల్లంఘన కనిపించదు. అందుకని సగటుతో పాటు గరిష్ఠ స్థాయినీ, పరీక్షల సంఖ్యనూ ఎప్పుడూ పక్కపక్కనే చూపించండి.

ఫిర్యాదు ఎవరికి, ఏ వరుసలో

మొదట విమానాశ్రయ డైరెక్టర్‌కు రాసి, రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు, దానితో పాటు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇవ్వండి. 2000 నియమాల్లోని ఏడో నియమం ప్రకారం పరిమితి కన్నా 10 డెసిబెళ్లు లేదా అంతకు మించి ఉంటే నిర్దేశిత అధికారికి ఫిర్యాదు చేసే హక్కు ఉంది. జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారులు ఆ కోవలోకి వస్తారు. అయితే విమానాశ్రయ పరిసరాలకు కేంద్ర పర్యావరణ శాఖ 2018 జూన్‌లో వేరే ప్రమాణాలు ప్రకటించింది. మీ ఇంటికి వర్తించేది ఏదో, ఇంజిన్ పరీక్ష శబ్దాన్ని ఏ ప్రమాణంతో చూస్తారో మండలి నుంచి ముందే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ జవాబు చేతిలో లేకుండా వెళితే మిమ్మల్ని ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిప్పుతూనే ఉంటారు. చివరి మెట్టు జాతీయ హరిత ట్రిబ్యునల్. తెలంగాణకు చెన్నై బెంచ్ ఉంది. సాధారణంగా వివాదానికి కారణం తలెత్తిన ఆరు నెలల్లో అక్కడికి వెళ్లాలి, కాబట్టి తేదీలు జాగ్రత్తగా దాచుకోండి.

ఆదిలాబాద్‌లోలా వైమానిక దళానికి చెందిన స్థలం అయితే దారి వేరు. సైనిక విమానాలకు పౌర ప్రమాణాలు పెట్టి వాదించడం వల్ల ఫలితం తక్కువ, అక్కడ కలెక్టర్ సమక్షంలో వేళల గురించి మాట్లాడుకోవడమే మేలు.

గోడలు, కట్టలు, చెట్లు

మరమ్మతు కేంద్రం రాబోతున్నదని తెలిస్తే అడగాల్సింది గ్రౌండ్ రన్-అప్ ఎన్‌క్లోజర్. విమానం లోపలికి వెళ్లి నిలబడేలా మూడు వైపులా ఎత్తైన, ధ్వనిని పీల్చుకునే పలకలు బిగించిన గోడలు ఉంటాయి. మంచి నిర్మాణంతో 15 నుంచి 20 డెసిబెళ్లు తగ్గుతాయి. వాంకూవర్ విమానాశ్రయంలో 2012లో ఇలాంటిది మొదలైంది. హాంబర్గ్‌లో 2001లో, జ్యూరిక్‌లో 2014లో పైకప్పు కూడా ఉన్న హ్యాంగర్లు కట్టారు. ఖర్చు కోట్లలో ఉంటుంది కనుక రోజుకు నాలుగు విమానాల చోట దీన్ని అడగడం సబబు కాదు. విప్పి తీసిన ఇంజిన్‌ను పరీక్షించే మూసిన గది, అంటే టెస్ట్ సెల్, వేరే సంగతి. అది మరమ్మతు కేంద్రంలో భాగం, దాని పొగగొట్టం ఎటు తెరుచుకుంటుందో మాత్రం అడగండి.

చిన్న విమానాశ్రయానికి తగినది మట్టికట్ట. రన్‌వే పనుల్లో తవ్విన మట్టిని బయటికి తోలకుండా పరీక్షా స్థలం పక్కన కట్టగా పోయమని అడగవచ్చు. అడ్డు ఏదైనా శబ్దం పుట్టే చోటుకు దగ్గరగా గానీ, వినేవారికి దగ్గరగా గానీ ఉండాలి, నడిమధ్యన ఉన్నది అన్నిటికన్నా తక్కువ పనిచేస్తుంది. ఇంటి కిటికీ నుంచి చూస్తే ఇంజిన్ కనబడకూడదు, అదే ఎత్తుకు కొలమానం. రన్‌వే దగ్గర ఎత్తు పరిమితులు ఉంటాయి కనుక కట్ట స్థలాన్ని విమానాశ్రయ ఇంజనీర్లే నిర్ణయించాలి. పొగ తాకిడిని పైకి మళ్లించే ఇనుప బ్లాస్ట్ ఫెన్స్‌ను చూపించి "శబ్దానికి గోడ కట్టాం కదా" అంటే ఒప్పుకోకండి, దాని పని అది కాదు.

చెట్ల గురించి ఒక మాట. వరుసగా నాటిన చెట్లు మోతను తగ్గిస్తాయన్న నమ్మకం గట్టిగా ఉంది, కానీ పదుల మీటర్ల మందాన దట్టమైన తోపు ఉంటే తప్ప కొద్ది డెసిబెళ్లు కూడా తగ్గవు. పైగా పండ్ల చెట్లకు పక్షులు చేరితే విమానాలకు ప్రమాదం, అందుకే విమానాశ్రయం వారు వద్దంటారు. నీడ కోసం నాటుకోండి, మోత కోసం కాదు.

ఇంట్లో, బడిలో

ఇది చివరి రక్షణ. కిటికీ తెరిచి ఉన్న గదిలోకి వచ్చేసరికి శబ్దం పది, పదిహేను డెసిబెళ్లు తగ్గుతుంది, మామూలు అద్దపు కిటికీ బిగుతుగా మూస్తే 20 నుంచి 25 వరకు. మే నెలలో కిటికీలు మూసుకుని ఉండమని ఎవరూ చెప్పలేరు కనుక, విమానాశ్రయం తన వంతు చేయకుండా మీ ఇంటి మీదికి నెట్టే సలహాను ఒప్పుకోకండి.

ఖర్చు పెట్టగలిగితే వరుస ఇది. ముందు సందులు మూయండి: తలుపుల మీది వెంటిలేటర్లు, కిటికీ చట్రానికీ గోడకూ మధ్య నెర్రెలు, తలుపు అడుగు. గోడ ఎంత మందంగా ఉన్నా చిన్న సందు దాని ఫలితాన్ని తినేస్తుంది. తర్వాత పైకప్పు. రేకుల ఇళ్లలో, పెంకుటిళ్లలో మోత ఎక్కువగా పైనుంచే వస్తుంది. రేకు కింద రాతి ఉన్ని (రాక్ వూల్) పరిచి జిప్సం పలకల సీలింగ్ కడితే శబ్దంతో పాటు వేడి కూడా తగ్గుతుంది. ఆ తర్వాతే కిటికీలు. పాత కిటికీ తీయకుండా లోపలివైపు పది సెంటీమీటర్ల ఖాళీ వదిలి రెండో అద్దం బిగించుకోవడం, దగ్గర దగ్గరగా రెండు పలచని అద్దాలున్న రెడీమేడ్ కిటికీ కన్నా లోతైన శబ్దానికి బాగా పనిచేస్తుంది. రెండు అద్దాలు వేర్వేరు మందాల్లో ఉండాలి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు విమానాశ్రయం వైపు మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెట్టి, పడకగదిని అవతలి వైపుకు మార్చుకుంటే ఖర్చు లేకుండానే సగం పని అవుతుంది. వాస్తు అడ్డొస్తే కనీసం పడకగది కిటికీనైనా పక్క గోడకు మార్చండి.

బడి, అంగన్‌వాడీ, ఆరోగ్య ఉపకేంద్రాలకు ఈ ఖర్చు విమానాశ్రయమే భరించాలని అనుమతి షరతుల్లోనే అడగాలి. ఇది ఒప్పుకునే వరకు ఇంజిన్ పరీక్షల వేళలను బడి వార్షిక పరీక్షల కాలపట్టికతో సరిచూసుకోమని ప్రధానోపాధ్యాయుల చేత లేఖ రాయించండి. అందులో బడి పరీక్షల తేదీలు, వేళలు, బడి ఫోన్ నంబరు ఉంటే చాలు. ప్రతి ఏటా ఫిబ్రవరిలోనే దాన్ని పంపి, నకలును మీ నమోదు పుస్తకంలో అంటించుకోండి.